చెల్లికి ఎస్‌ఎంఏ సిండ్రోమ్ అంటున్నారు, ఒక డాక్టర్ ఆపరేషన్ అంటే ఇంకొకరు ముక్కు గొట్టం అంటున్నారు, ఎవరి మాట వినాలి?

మల్కాజ్‌గిరి_అన్న:

అందరికీ నమస్తే. పోస్టు పెద్దదే, కొంచెం ఓపిగ్గా చదవండి. మా చెల్లికి 19 ఏళ్లు, బీటెక్ మొదటి సంవత్సరం. ఆగస్టులో టైఫాయిడ్ వచ్చింది. జ్వరం రెండు వారాల్లో తగ్గింది కానీ మనిషి మాత్రం కోలుకోలేదు. అప్పుడు 49 కిలోలు, ఇప్పుడు 38. రెండు ముద్దలు తినగానే పొట్ట నిండిపోయింది అంటుంది, కాసేపటికి పై కడుపులో నొప్పి, తర్వాత పచ్చగా పసరు వాంతి. పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం వాంతిలో అలాగే కనపడిన రోజులున్నాయి.

మొదట మా గల్లీ క్లినిక్‌లో గ్యాస్ అన్నారు. మాత్రలు, సిరప్, నెల గడిచింది. తర్వాత ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో ఎండోస్కోపీ చేసి కడుపులో పాత ఆహారం నిల్వ ఉంది, కాస్త వాపు ఉంది, అంతే అన్నారు. అల్ట్రాసౌండ్ నార్మల్. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, ఈ వయసు ఆడపిల్లలు సన్నబడాలని తిండి మానేస్తారు, సైకియాట్రిస్ట్‌కి చూపించండి అని పంపేశారు. మేం కూడా అదే నమ్మాం. అమ్మ కంచం పట్టుకుని ఎదురుగా కూర్చుని తినేదాకా లేవనిచ్చేది కాదు. నేనైతే ఒకరోజు నాటకాలాడకు అని అరిచేశాను. అది బోర్లా పడుకుని మోకాళ్లు పొట్టకి ముడుచుకుంటే నొప్పి తగ్గుతోందని చెప్తే అది కూడా నాటకమే అనుకున్నాం.

విచిత్రం ఏంటంటే అసలు విషయం పట్టుకుంది ఆ సైకియాట్రిస్ట్ మేడమే. అరగంట దాన్నే మాట్లాడనిచ్చి, చివర్లో వాంతి ఏ రంగులో ఉంటుందమ్మా అని అడిగారు. పచ్చగా అనగానే పెన్ను కింద పెట్టి, ఇది నా కేసు కాదు, ముందు కడుపుకి సీటీ తీయించండి అన్నారు. సీటీలో ఎస్‌ఎంఏ సిండ్రోమ్ అని వచ్చింది, ఒక రక్తనాళం చిన్నపేగుని నొక్కేసే జబ్బట. యాంగిల్ 14 డిగ్రీలు, దూరం 5 మిల్లీమీటర్లు అని రాశారు.

ఇప్పుడు అడ్మిట్ చేశాం. ఇక్కడి సర్జన్ వచ్చే వారం ఆపరేషన్ చేసేద్దాం అంటున్నారు. ఫైల్ పట్టుకెళ్లి ఇంకొక డాక్టర్‌కి చూపిస్తే, అంత తొందరేం లేదు, ముక్కులోంచి గొట్టం వేసి నాలుగు వారాలు తిండి పెట్టి చూడండి అన్నారు. నాన్న లేరు, నిర్ణయం నేనే తీసుకోవాలి. ఇలాంటిది ఎవరైనా చూశారా? ఇంకోటి, ఆస్పత్రిలో దాని పక్కన ఉండి మేం ఏం చేయాలో కూడా తెలియట్లేదు. అమ్మకి ఏడవడం తప్ప ఇంకేం పాలుపోవట్లేదు.

బోయిన్‌పల్లి_నాన్న:

తమ్ముడూ, మా అబ్బాయికి ఇదే జబ్బు. కారణం వేరు. వాడికి వెన్ను పక్కకి వంగిపోయి ఉండేది, పదహారేళ్లకి వెన్నుకి ఆపరేషన్ చేసి నిటారుగా చేశారు. పది రోజులకి పసరు వాంతులు మొదలయ్యాయి. వెన్ను సాగినప్పుడు కూడా ఆ రక్తనాళం కిందికి లాగినట్టై పేగుని నొక్కేస్తుందట. మాకు అదృష్టం కొద్దీ ఆ ఎముకల డాక్టర్‌కి ఈ సంగతి తెలుసు కాబట్టి రెండు రోజుల్లో తేలిపోయింది, మీలాగా మూడు నెలలు తిరగలేదు.

ముందు మాకు గొట్టమే వేశారు. ముక్కులోంచి కడుపు దాటించి, అడ్డు ఉన్న చోటు కూడా దాటించి, పేగులోకి దింపే సన్న గొట్టం. ఎన్‌జే ట్యూబ్ అంటారు. కడుపులో ఆగిపోయే మామూలు రైల్స్ ట్యూబ్ వేరు, ఇది వేరు, అది మొదటి రోజు నాకూ తెలియలేదు. మావాడికి ఐదు వారాలు పెట్టినా ఫలితం లేదు. రెండు కిలోలు పెరిగినట్టే పెరిగి, నోటితో తిండి మొదలుపెట్టగానే మళ్లీ వాంతులు. అప్పుడు లాప్రోస్కోపీలో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మూడేళ్లయింది, బిర్యానీ తింటున్నాడు, నన్ను కూడా తింటున్నాడు బైక్ కొనమని.

నేను చేసిన ఒక తప్పు చెప్తా, మీరు చేయకండి. మా అమ్మ రాగిజావ కాచి తెచ్చింది, ఆస్పత్రి పౌడర్‌లో ఏముంటుంది అని. నేను సిస్టర్ చూడకుండా సిరంజీతో ఎక్కించా. గొట్టం బిగుసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లతో ఎంత ప్రయత్నించినా రాలేదు. మళ్లీ ఎండోస్కోపీ చేసి కొత్త గొట్టం వేశారు, పిల్లాడు ఆ బాధ రెండోసారి పడ్డాడు. డబ్బు సంగతి సరే, వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సహజ_ఆరోగ్యం:

ఇవన్నీ బిజినెస్ అండి. టైఫాయిడ్ మందుల వేడికి బొడ్డు జారి ఉంటుంది. శంషాబాద్ దాటాక ఒకాయన పొట్టకి నూనె రాసి బొడ్డు ఎక్కిస్తాడు, మూడు సిట్టింగులు చాలు. జీలకర్ర నీళ్లు పరగడుపున తాగించండి. 14 డిగ్రీలు, 5 మిల్లీమీటర్లు అని భయపెట్టి లక్షలు గుంజుతారు.

సర్జరీ_పీజీ:

పైనున్న సలహా దయచేసి పాటించకండి. కడుపులో లీటరు పసరు నిల్వ ఉన్న పిల్ల పొట్ట పిసికితే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. జీలకర్ర నీళ్ల మీద నాకేం కోపం లేదు కానీ అడ్డు ఉన్నప్పుడు ఏ నీళ్లైనా తిరిగి పైకే వస్తాయి.

నేను జనరల్ సర్జరీ పీజీ చేస్తున్నా, ఇక్కడే సిటీలో. నేను మీ స్కాన్ చూడలేదు, పేషెంట్‌ని చూడలేదు, కాబట్టి చేయించు, వద్దు అని చెప్పను. కానీ డాక్టర్‌ని ఏం అడగాలో చెప్తా.

జబ్బు సంగతి ఇది. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం వెన్ను ముందు ఉంటుంది. దాని నుంచి పేగులకి పోయే ఒక కొమ్మ ముందుకి, కిందికి వాలుగా బయల్దేరుతుంది, అదే ఎస్‌ఎంఏ, అంటే సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ. ఈ రెండిటి మధ్య సందులోంచి చిన్నపేగు మొదటి భాగం, అంటే డుయోడినం, అడ్డంగా వెళ్తుంది. మామూలుగా ఆ సందులో కొవ్వు మెత్తలా ఉండి కొమ్మని ఎత్తి పడుతుంది. ఒక్కసారిగా బరువు తగ్గితే ఆ మెత్త కరిగిపోయి కొమ్మ వాలిపోతుంది, నీళ్ల పైపు మీద మంచం కోడు పడ్డట్టు పేగు నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయాక తినలేరు, తినకపోతే ఇంకా చిక్కుతారు, చిక్కితే ఇంకా నొక్కుతుంది. బోర్లా పడుకున్నా, ఎడమ పక్కకి తిరిగినా, మోకాళ్లు ముడిచినా ఆ సందు కాస్త తెరుచుకుంటుంది. మీ చెల్లి నాటకం ఆడలేదు, ఎవరూ చెప్పకుండానే సరైన భంగిమ కనిపెట్టుకుంది.

మామూలు వాళ్లలో ఆ రెండు రక్తనాళాల మధ్య యాంగిల్ దాదాపు 38 నుంచి 65 డిగ్రీలు, దూరం 10 నుంచి 28 మిల్లీమీటర్లు. మీ 14, 5 అనేవి తక్కువే. కానీ ఒక మాట, ఉత్త అంకెలు చూసి ఈ జబ్బు అనేయకూడదు. సన్నగా ఉండే వాళ్లలో చాలామందికి యాంగిల్ తక్కువే ఉంటుంది, వాళ్లు హాయిగా తింటూనే ఉంటారు. సందుకి ముందు వరకు కడుపు, డుయోడినం ఉబ్బి, అక్కడ గీత గీసినట్టు ఆగిపోయిందా లేదా అన్నది ముఖ్యం. రిపోర్టులో అది రాశారా చూడండి. అనుమానం ఉంటే బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే, మందు ఆ చోట ముందుకీ వెనక్కీ కొట్టుకోవడం కళ్లకి కనపడుతుంది. ఎండోస్కోపీలో ఇది దొరక్కపోవడం వింతేం కాదు, పేగు బయటి నుంచి నొక్కుకుంటోంది కానీ లోపల పుండేం ఉండదు. మన దేశంలో ఇంకోటి మర్చిపోకూడదు, కడుపులో టీబీ. పేగు గోడ మందంగా ఉందా, గ్రంథులు పెరిగాయా అని సీటీ చూసిన రేడియాలజిస్ట్‌ని సూటిగా అడిగించండి. మూత్రంలో రక్తం ఏమైనా పడుతోందా అని కూడా చెప్పండి, అదే సందులోంచి ఎడమ కిడ్నీ సిర కూడా వెళ్తుంది, ఒక్కోసారి అదీ నొక్కుకుంటుంది.

ఇక ఆపరేషనా, గొట్టమా. మూడు నెలల్లో చిక్కిపోయి వచ్చిన పిల్లకి సాధారణంగా ముందు తిండితోనే ప్రయత్నిస్తారు, ఎందుకంటే పోయిన మెత్త తిరిగి వస్తే పేగు దానంతట అదే తెరుచుకోవచ్చు. 38 కిలోల మనిషికి ఆపరేషన్ చేసినా కుట్లు మానడానికి ఒంట్లో సరుకు ఉండాలి కదా. కాబట్టి ఆ రెండో డాక్టర్ మాటలో అర్థం ఉంది. అలాగని మీ సర్జన్ తప్పు అనలేను, గొట్టం అడ్డుని దాటకపోయినా, ఎన్నేళ్లుగానో ఉన్న జబ్బైనా, గొట్టంతో లాభం లేకపోయినా ఆపరేషనే దారి. ఆయన్ని ఇలా అడగండి: సార్, ఎన్‌జే ట్యూబ్‌తో ప్రయత్నించకుండా నేరుగా ఆపరేషన్‌కి వెళ్లడానికి ఈ అమ్మాయిలో ప్రత్యేక కారణం ఏముంది? మంచి సర్జన్ ఈ ప్రశ్నకి కోపగించుకోడు. కోపగించుకుంటే అది కూడా మీకు ఒక సమాధానమే.

ఆపరేషన్ పేరు డుయోడినోజెజునాస్టమీ. పేరు చూసి భయపడకండి, ఏదీ తీసేయరు. ఉబ్బిన డుయోడినాన్ని తెచ్చి కింది పేగుకి కలిపి బైపాస్ రోడ్డు వేస్తారు. చాలామందికి బాగానే పనిచేస్తుంది. అయితే ఇన్నాళ్లు సాగిపోయిన కడుపు మళ్లీ దారిలో పడటానికి టైమ్ పడుతుంది, ఆపరేషన్ అయిన మర్నాడే వాంతులు ఆగలేదని బెంగపడొద్దు.

అసలు ముఖ్యమైనది మర్చిపోయా. గొట్టం వేశాక మొదటి రోజుల్లో చాలా కొంచెం కొంచెంగా పెడతారు. అమ్మగారికి కోపం వస్తుంది, పిల్ల ఎండిపోతుంటే ఇంత తక్కువా అని. కారణం ఉంది. నెలల తరబడి పస్తున్న శరీరానికి ఒక్కసారిగా తిండి ఎక్కిస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. రీఫీడింగ్ అంటారు. అందుకే ముందు థయమిన్ అనే బి1 విటమిన్ ఇచ్చి, రోజూ రక్తం తీసి చూస్తూ మెల్లగా పెంచుతారు. రోజూ రక్తం తీస్తున్నారని గొడవపెట్టుకోకండి, ఫాస్ఫరస్ కూడా చూస్తున్నారా అని మాత్రం అడగండి.

మీరు నెట్‌లో వెతికితే విల్కీ సిండ్రోమ్, కాస్ట్ సిండ్రోమ్ అని కూడా వస్తుంది, అన్నీ ఇదే. విల్కీ 1927లో 75 మంది పేషెంట్ల వివరాలు రాసిన సర్జన్. బోయిన్‌పల్లి అంకుల్ వాళ్ల అబ్బాయిది ఆ కాస్ట్ రకం, పూర్వం వెన్నుకి ఒళ్లంతా పిండికట్టు వేసిన వాళ్లకి వచ్చేది కాబట్టి ఆ పేరు.

మల్కాజ్‌గిరి_అన్న:

డాక్టర్ గారూ చాలా థ్యాంక్స్. రిపోర్టు మళ్లీ చదివించాను, కడుపు, డుయోడినం రెండో భాగం వరకు బాగా ఉబ్బాయి, మూడో భాగంలో సడన్‌గా సన్నబడింది అని ఉంది. గ్రంథులు పెరిగినట్టు లేదు. మీరు చెప్పినట్టే ఆ ప్రశ్న సర్జన్ గారిని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, మీరు దూరం నుంచి వస్తారు, నెలరోజులు ఆస్పత్రిలో ఉండలేరు అనుకుని ఆపరేషన్ అన్నాను, ఉండగలిగితే గొట్టంతో చూద్దాం అన్నారు. మేం ఉండేది మల్కాజ్‌గిరి అండి అన్నా. ఫైల్‌లో మా సొంతూరు అడ్రస్ ఉందట, నల్గొండ జిల్లా!

రేపు గొట్టం వేస్తారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

బాబూ, నేను స్టాఫ్ నర్సుని, సర్జికల్ వార్డులో పదకొండేళ్లు. మందుల సంగతి డాక్టర్ చెప్పారు, మిగతాది నేను చెప్తా.

ఒక నోట్‌బుక్ కొనండి. ఎన్ని మిల్లీలీటర్లు లోపలికి వెళ్లింది, ఎంత వాంతి, ఏ రంగు, ఎంత మూత్రం, టైమ్‌తో సహా రాయండి. వార్డులో ముప్పై మందికి ఇద్దరం ఉంటాం, అన్నీ మా కంట పడవు. మీ నోట్‌బుక్ చూసి రౌండ్స్‌లో డాక్టర్ నిర్ణయం మార్చుకున్న రోజులు నేను చూశా. మూత్రం బాగా తగ్గినా, పిల్ల మగతగా ఉన్నా, పొట్ట ఉబ్బి గట్టిపడినా, కాళ్లు చేతులు పీకుతున్నాయన్నా, గుండె దడ అన్నా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే పిలవండి. విసుక్కున్నా సరే పిలవండి.

ముక్కు దగ్గర గొట్టం మీద సెంటీమీటర్ల గుర్తు ఉంటుంది, ఎంత దగ్గర ప్లాస్టర్ వేశారో చూసి రాసుకోండి. రాత్రి నిద్రలో లాగేసుకుంటారు, గుర్తు జరిగితే ఫీడ్ ఆపించి మమ్మల్ని పిలవండి. పేగులోకి ఇచ్చే ఫీడ్ పంపు మీద సన్నగా రోజంతా ఎక్కాలి. సిరంజీతో ఒకేసారి తోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. రాగిజావ సంగతి అన్నగారు చెప్పేశారు.

నోటితో తినకపోయినా నోరు ఎండిపోతుంది, పళ్లు తోమించండి, పెదాలకి వాజిలిన్ రాయండి. తల దువ్వి జడ వేయండి. చిన్న విషయమే అనుకుంటారు గానీ 19 ఏళ్ల పిల్లకి జుట్టు చిక్కుపడి ముక్కులో గొట్టంతో బంధువుల ముందు కూర్చోవడం మాటలు కాదు. బంధువుల్ని వార్డులోకి దండుగా రానివ్వకండి. వచ్చిన ప్రతి ఒక్కరూ అయ్యో ఎంత చిక్కిపోయావే అంటారు, ఆ మాట రోజుకి పదిసార్లు వింటే ఎవరికైనా గోడవైపు తిరిగి పడుకోవాలనిపిస్తుంది. ముఖ్యంగా మీ అమ్మగారు, మీరు, పిల్ల ‘తినట్లేదు’ అనే మాట మానేయండి. తినలేకపోతోంది. డాక్టర్లకి చెప్పేటప్పుడు కూడా అలాగే చెప్పండి. తినట్లేదు అని కేస్ షీట్‌లో పడితే అది ఇంకో దారిలో వెళ్తుంది, మీకు ఇప్పటికే తెలిసింది కదా. ఒకసారి దాన్ని నమ్మలేదని మీరే దానికి చెప్పేయండి, నేను చెప్పేది ఇంతకంటే ఎక్కువ కాదు.

అమ్మగారిని రోజుకి గంటైనా బయటికి పంపండి. పాస్ ఒకటే ఇస్తారు కాబట్టి మీరు మార్చుకోవాల్సిందే. నేను ఉస్మానియా ఆస్పత్రిలో ట్రైనింగ్ చేసేటప్పుడు, 1908 మూసీ వరదలో కొమ్మలెక్కిన 150 మంది ప్రాణాలు కాపాడింది అని చెప్పుకునే ఆ చింతచెట్టు దగ్గరికి పోయి కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. చెట్టు మహిమో, గాలి మహిమో గానీ తిరిగి వార్డులోకి వచ్చేటప్పటికి మనిషినయ్యేదాన్ని.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తా. ఆరోగ్యశ్రీ ఆస్పత్రి అయితే డెస్క్ దగ్గర ఆరోగ్యమిత్ర ఉంటారు, ఈ చికిత్స ప్యాకేజీలో వస్తుందా అని అడ్మిషన్ అయిన మొదటి రోజుల్లోనే అడగాలి, డిశ్చార్జ్ రోజు కాదు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు. రాకపోతే, నిమ్స్ లాంటి చోటికి మారితే ఎస్టిమేట్ తీసుకుని మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌లో ఎల్‌ఓసీకి, అంటే ఖర్చుకి ఆస్పత్రికి ముందే ఇచ్చే హామీ పత్రానికి పెట్టుకోవచ్చు. అది ఆపరేషన్‌కి ముందే పెట్టుకోవాలి. ప్రైవేట్‌లో బిల్లు కట్టేశాక పెట్టుకునేది వేరే దరఖాస్తు.

సహజ_ఆరోగ్యం:

సరే అమ్మా, నేను మంచికే చెప్పా. పిల్ల బాగుంటే అదే చాలు.

మల్కాజ్‌గిరి_అన్న:

పదహారో రోజు. ఎవరైనా ఇదే జబ్బుతో వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని రాస్తున్నా.

గొట్టం మొదటిసారి అడ్డు దాటలేదు, కడుపులోనే చుట్టుకుపోయింది. రెండోసారి ఎండోస్కోపీతో వేశారు. ముందు రైల్స్ ట్యూబ్‌తో కడుపులో ఉన్నదంతా తీశారు, 1400 మిల్లీలీటర్లు వచ్చింది. ఆ సంచి చూశాక అమ్మ ఇక కంచం మాట ఎత్తలేదు. మూడో రోజు ఫాస్ఫరస్ పడిపోయింది, సెలైన్‌లో ఎక్కించి ఫీడ్ రెండు రోజులు పెంచకుండా ఆపారు. పీజీ డాక్టర్ గారు ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు, లేకపోతే ఆ రోజు నేను పెద్ద గొడవ చేసేవాణ్ణి.

బరువు 40.1. పసరు వాంతి ఆరు రోజులుగా లేదు. నిన్నటి నుంచి నోటితో గంటకి రెండు చెంచాల మజ్జిగ తేట ఇస్తున్నారు, ఇచ్చాక ఎడమ పక్కకి పడుకోబెడుతున్నాం. ఇంకా మూడు వారాలు చూస్తాం, నోటితో తిండి మొదలుపెట్టాక వాంతులు తిరిగి వస్తే ఆపరేషన్ అని సర్జన్ గారు ముందే తేదీ పెట్టుకున్నారు. అలా తేదీ ఉండటం మాకూ బాగుంది, ఎదురుచూడటానికి ఒక హద్దు ఉంది.

సిస్టర్ గారూ, మీరు చెప్పినట్టే దానికి చెప్పాను. నిన్ను నమ్మలేదు, తప్పయింది అని. అది ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, తెలుసులే, ముందు ఆ పక్క బెడ్ ఆంటీ పకోడీ పొట్లం కనపడకుండా దాచమను, వాసనకి చచ్చిపోతున్నా అంది. మూడు నెలల్లో తిండి గురించి అది అడిగిన మొదటి మాట అది.

ఒక సందేహం. రాత్రి పంపు గంటకోసారి అలారం కొడుతోంది, అది నిద్రపోవట్లేదు, చుట్టుపక్కల వాళ్లూ తిడుతున్నారు. ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ_సిస్టర్:

పక్కకి తిరిగినప్పుడు గొట్టం ఒంటి కింద మడత పడుతోంది, చాలాసార్లు అదే. పంపు ఎడమ వైపుకి మార్చమనండి, గొట్టాన్ని భుజం మీదుగా తీసుకొచ్చి నైటీకి ఒక ప్లాస్టర్ ముక్క వేయండి. అయినా మోగితే గొట్టంలో అడ్డు పడటం మొదలైనట్టే, నీళ్లతో ఫ్లష్ చేయమని డ్యూటీ సిస్టర్‌కి చెప్పండి, మీరు చేయకండి. పకోడీ ఆంటీని మాత్రం ఆ బెడ్ మార్చొద్దనండి.